కడియం హైబ్రిడ్ మామిడి అంట్లు: నా పెరట్లో కాశాక రాస్తున్న మాట

కడియపులంకలో కాలవ గట్టు పక్కనున్న ఒక చిన్న నర్సరీ నుంచి మల్లిక, ఆమ్రపాలి అంట్లు తెచ్చి పెరట్లో వేశాను. రెండూ కాపుకొచ్చాయి. ఏ పేరు చెప్పి ఇచ్చారో ఆ రకాలే అని తేలింది. మామిడి మొక్కల దగ్గర ఇది చిన్న సంగతి కాదు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వీధిలోనే మల్లిక అని కొనుక్కొచ్చి ఏళ్ల తరబడి పెంచిన చెట్టొకటుంది, కాసేదంతా పుల్లటి పీచుకాయ. అమ్మినవాళ్లు ఆ ఇంటివాళ్లకి చెప్పింది ఒక్కటే, "హైబ్రిడ్ అండి, విరగకాస్తది" అని.

హైబ్రిడ్ అనేది రకం పేరు కాదు. నేను వెళ్లిన చోట పెద్దాయన ముందు అడిగిందే ఆ ప్రశ్న: "ఏ హైబ్రిడ్డండి అమ్మగారూ?" మల్లికకి తల్లి నీలం, తండ్రి దసేరీ. ఆమ్రపాలికి తల్లి దసేరీ, తండ్రి నీలం. అమ్మానాన్నలు వాళ్లే, అటూ ఇటూ మారారు. రెండూ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో పుట్టి 1970ల్లో బయటికొచ్చినవి. దసేరీ ఉత్తరాది పండు, రుచి గొప్పది గానీ ఒక ఏడు కాస్తే మరో ఏడు కాయదు. మన నీలం ఏటా కాస్తుంది. ఆ గుణం పిల్లలకి రావాలనే నీలంతో కలిపారు. ఇదంతా ఆయన మొక్కలకి నీళ్లు పెడుతూనే చెప్పుకొచ్చాడు. అడిగితే చెప్పగలిగిన మనిషి దగ్గర కొనడంలో ఉన్న నిశ్చింత వేరు.

ఇంకో మంచి పని చేశాడు. షెడ్డు వెనక తల్లి చెట్లున్నాయి, తీసుకెళ్లి చూపించాడు. చిన్న మొక్కల్ని పక్కపక్కన పెడితే ఏది మల్లికో ఏది ఆమ్రపాలో నాలాంటివాళ్లకి తెలియదు, చెట్ల దగ్గర మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ఆమ్రపాలి పొట్టిగా, గుబురుగా ఉంటుంది. మల్లిక దానికంటే ఎదుగుతుంది, కొమ్మలు చాపుతుంది. అందుకే కొనేటప్పుడు "కొమ్మ ఏ చెట్టు నుంచి కోశారు?" అని అడగండి. చూపిస్తే కొనండి. నసిగితే వచ్చేయండి.

మొక్కలో చూడాల్సింది అంటు కట్టిన చోటు. నేను తెచ్చిన మల్లికకి మట్టికి జానెడు ఎత్తున ఏటవాలుగా మచ్చ ఉంది. మచ్చ కింద కాండం ముదురు గోధుమరంగులో గరుకుగా, పైన పచ్చగా నున్నగా. రెండూ కలిసేచోట ప్లాస్టిక్ పట్టీ నొక్కు ఇంకా పోలేదు. ఈ మచ్చ లేని మొక్క టెంక మొక్కే, ఎంత నిగనిగలాడినా వద్దు. ఇంటికి తెచ్చాక పట్టీ మిగిలి ఉంటే బ్లేడుతో కోసెయ్యాలి, లేకపోతే కాండం లావెక్కేకొద్దీ అది లోపలికి దిగిపోతుంది. మచ్చ కింద నుంచి చిగురొస్తే ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి. అది వేరుమొక్క, అంటే అంటుకి కింద వాడిన టెంక మొక్క చిగురు, బలంగా లేస్తుంది, వదిలేస్తే పైన కట్టిన రకాన్ని మింగేస్తుంది. మా వీధి చెట్టుకి జరిగింది ఇదేనేమో అని నా అనుమానం.

మన కోనసీమలో అసలు చిక్కు నీరు. నాలుగు వానలు పడితే గుంత తీసిన చోట ఊట వస్తుంది. మామిడి వేరు నిలవ నీటికి ఓర్చుకోదు. నేను గుంత తియ్యలేదు. మోకాలెత్తు మెరక పోయించి, పాత పేడ ఎరువు కలిపి, దాని మీద నాటాను, అంటు మచ్చ మట్టికి పైనే ఉండేలా. ఆమ్రపాలిని తోటల్లో రెండున్నర మీటర్ల ఎడంలోనే వేస్తారు కాబట్టి కొబ్బరి చెట్లు పోగా మిగిలిన జాగాలో సరిపోయింది. మొదటేడే పూత వచ్చింది. చూడముచ్చటగా ఉన్నా తుంచేశాను, మొక్క బలపడాలి కదా. పూత నిలుపుకునే వయసొచ్చాక మాత్రం తేనెమంచు పురుగు మీద కన్నేసి ఉంచాలి. ఆకుల మీద జిగట కనిపించిందంటే అదే.

కాయ సంగతి. ఆమ్రపాలి గుత్తులుగా కాస్తుంది, కాయ చిన్నది, కోస్తే లోపల ముదురు నారింజ రంగు, పీచు లేదు. మల్లిక పెద్దది, పొడుగ్గా ఉంటుంది, టెంక పల్చన. దాన్ని చెట్టు మీద పండనివ్వకండి. ముదిరిన కాయ కోసి గడ్డిలో మగ్గబెడితేనే ఆ తీపీ ఆ వాసనా వస్తాయి. ఓపిక కావాలి, తొందరపడి కోసుకుంటే చప్పగా ఉంటుంది. ఆవకాయకి ఈ రెండూ నాకు నచ్చలేదు, దానికి మా కొత్తపల్లి కొబ్బరే.

నర్సరీలో నచ్చనివీ ఉన్నాయి. మట్టి సంచుల్లో నల్ల బంకమట్టి కూరి ఇచ్చారు. ఒక మొక్క వేళ్లు అడుగున చుట్టలు తిరిగిపోయి ఉంటే విడదీసి నాటాల్సొచ్చింది. రాసిచ్చిన చీటీ లేదు, పేరంతా నోటిమాటే. మొక్క రెండొందలు తీసుకుంటున్నప్పుడు రకం పేరున్న రేకు ముక్క ఒకటి కట్టి ఇవ్వొచ్చు.

పెర్సిమన్ అనే పండు మొక్క కూడా అడిగాను. రాజమండ్రిలో పళ్ల షాపులో కొని తిన్నప్పటి నుంచీ ఆశ. మన ఏజెన్సీలో బీడీలకి ఆకు కోసే తునికికి చుట్టం అది. చెట్టు నిద్రపోవడానికి కొంత చలి కావాలి, మన దేశంలో కులూ లాంటి కొండ ప్రాంతాల్లో వేస్తారు. రోసియాంకా, నికితాస్ గిఫ్ట్ అనే హైబ్రిడ్‌లు క్రిమియాలోని నికితా తోటలో పుట్టాయి. జపాన్ రకానికి అమెరికా రకం మొండితనం తోడై గడ్డకట్టే చలిని తట్టుకోవాలని కలిపారు. ఆ గుణం మనకి దేనికి? పెద్దాయన కూడా, "తెప్పించి అమ్మొచ్చండి, ఆకులేసుకుని ఉంటదంతే. మీ డబ్బు నాకొద్దు" అన్నాడు. అమ్ముడుపోయే మొక్కని అలా వద్దనడం చూసే నేను మిగతావి అక్కడే కొన్నాను.

సంగారెడ్డిలో పుట్టిన మంజీర మామిడి మాత్రం వాళ్ల దగ్గర లేదు. రుమానీకీ నీలానికీ పుట్టిన పొట్టి చెట్టు, ఏటా కాస్తుందంటారు. తొలకరికి తెప్పిస్తానన్నాడు. తెచ్చాక ముందు కొమ్మ ఎక్కడిదో అడిగి, ఆ తర్వాతే కొంటాను.