వంజంగిలో రెండు రాత్రులు: మబ్బుల కంటే ఆ ఇల్లే నచ్చింది

డిసెంబరు రెండో వారంలో మేమిద్దరం, మా పన్నెండేళ్ళ వాడు పాడేరు దగ్గర, మబ్బుల కొండ ఉన్న వంజంగి ఊరు వెళ్ళొచ్చాం. విశాఖ నుంచి పాడేరు వంద కిలోమీటర్ల పైనే. దారిలో మాడుగుల హల్వా కొనుక్కుని ఘాట్ ఎక్కాం. తప్పు హల్వాదో మలుపులదో గానీ, మావాడు రెండుసార్లు కారు ఆపించాడు.

దిగింది హోటల్లో కాదు, ఊళ్ళో ఒక గిరిజన కుటుంబం ఇంట్లో. భోజనాలతో కలిపి మనిషికి రోజుకి 1,200. పెంకుటిల్లు, పేడతో అలికిన అరుగు, బాత్రూం బయట. వేణ్ణీళ్ళు కట్టెల పొయ్యి మీద కాగాల్సిందే, కంగారు పడితే లాభం లేదు. వాళ్ళలో వాళ్ళు ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటారు, మనతో తెలుగే. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం అడ్డాకు విస్తట్లో అన్నం, రాజ్మా కూర. కాఫీ తోట ఉన్న ఇల్లు కదా అని ఆశగా కూర్చుంటే టీ ఇచ్చారు! అడిగితే ఆ ఇంటావిడ నవ్వి, "పళ్ళన్నీ అమ్మేస్తాం తల్లీ, మాకు టీయే అలవాటు" అంది.

కొండకి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. వాళ్ళబ్బాయే గైడు. గడప దాటకముందే మా సంచి తెరిపించి ప్లాస్టిక్ సీసాలు లెక్కపెట్టాడు: నాలుగు. అప్పుడు నాకు కాస్త అతిగానే అనిపించింది. మంచుకి తడిసిన ఎర్రమట్టి కాళ్ళ కింద జారుతుంటే అతనిచ్చిన వెదురు కర్రే దిక్కయింది. మామూలు చెప్పులతో వెళ్ళకండి. ఆరు దాటాక కింద లోయంతా తెల్లగా మబ్బులు, వాటి అంచున సూర్యుడు. ఫొటోల్లో మీరు చూసిందే, అబద్ధం కాదు. ఫొటోల్లో కనబడనిది పక్కనే పొదల్లో ఉంది: నూడుల్స్ కప్పులు, చిప్స్ కవర్లు, చలిమంట బూడిద. ఎవరో స్పీకర్లో పాటలు కూడా పెట్టారు.

కిందికొచ్చాక మళ్ళీ లెక్క. మూడే! నాలుగోది మా ఆయన రాయి మీద పెట్టి మర్చిపోయారు. అబ్బాయి ఏమీ అనలేదు, వెనక్కి తిరిగాడు. "ఉండు బాబూ, నేనే వెళ్తాను" అని ఈయన మళ్ళీ ఎక్కి, గంటన్నరకి చేతిలో సీసాతో దిగారు. ఆ పూట మాటల్లేవు.

మధ్యాహ్నం తోటలో కాఫీ పళ్ళు కోశాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ. ఎర్రగా పండినవే కోయాలట. మావాడు పచ్చివి కూడా దూసేస్తుంటే ముసలమ్మ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. పండు తొక్క నమిలితే తియ్యగా ఉంది.

ఇంతకుముందు ఒక ప్యాకేజీ టూర్లో అరకు వచ్చినప్పుడు, పది నిమిషాలు గిరిజనుల థింసా నాట్యం ఆడించి, ఫొటోలవగానే బస్సెక్కమన్నారు. ఇక్కడ ఎవరూ మాకోసం ఆడలేదు, పాడలేదు. పొయ్యి దగ్గర కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తూ కబుర్లాడాం, అంతే.

లోటు ఒకటే, దుప్పట్లు మరీ పల్చన. రెండో రాత్రి ముగ్గురం స్వెట్టర్లతోనే పడుకున్నాం. వచ్చేటప్పుడు రెండు కిలోల రాజ్మా కొన్నాం. సంక్రాంతికి మళ్ళీ వెళ్దామని మావాడు ఇప్పటికే మొదలెట్టాడు. ఈసారి రగ్గులు మావే, సీసాలు మాత్రం స్టీలువి.