సమద్విబాహు త్రిభుజం: కోణాన్ని సగం చేయాలా, భూమిని సగం చేయాలా?

ఏబీసీ త్రిభుజంలో ఏబీ = ఏసీ. బీ, సీ కోణాలు సమానమని చూపాలి. పై శీర్షం ఏ నుంచి భూమి (బీసీ భుజం) మీదికి ఏడీ గీయాలి, ఎలా గీయాలన్నదే పేచీ: ఏ కోణాన్ని సగం చేసే కోణ సమద్విఖండన రేఖగానా, భూమి మధ్యబిందువును కలిపే మధ్యగతంగానా?

గీయడం: కోణ సమద్విఖండన రేఖకు వృత్తలేఖిని కావాలి. మధ్యగతానికి స్కేలు చాలు.

రాయడం: రెండు చిన్న త్రిభుజాలు సర్వసమానమని చూపడానికి మొదటిదానికి భు.కో.భు. (రెండు భుజాలు, వాటి మధ్య కోణం సమానం), రెండోదానికి భు.భు.భు. (మూడు భుజాలూ సమానం). రెండూ మూడేసి లైన్లే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో భు.కో.భు. 4వ ప్రతిపాదన, మన సిద్ధాంతం 5వది, భు.భు.భు. 8వది. ఆ 8వది 7వదాని మీద, 7వది మళ్లీ 5వదాని మీద నిలబడ్డాయి. కాబట్టి ఆ వరుసలో మధ్యగతంతో వెళ్తే నిరూపించాల్సినదాన్నే వాడుకున్నట్టు. నిజానికి కోణాన్ని సగం చేయడం కూడా అక్కడ 9వదే! అందుకే ఆయన రెండూ వదిలేసి, సమాన భుజాలను కిందికి పొడిగించి భు.కో.భు.తోనే గట్టెక్కాడు. బడి లెక్కల్లో ప్రతి కోణానికీ సమద్విఖండన రేఖ ఉంటుందని ముందే ఒప్పుకుంటాం, కాబట్టి మొదటి దారికి ఆ చిక్కు లేదు.

సిద్ధాంతాన్ని నిరూపించమంటే కోణ సమద్విఖండన రేఖే నయం. లెక్కలో మధ్యబిందువు ఇచ్చి, భు.భు.భు. వాడుకోవచ్చంటే మధ్యగతం. ఒకే గీత కోణాన్నీ భూమినీ సగం చేస్తుందని ముందే రాసేస్తే మాత్రం మార్కులు పోతాయి.