షార్ట్ త్రో షిఫ్టరా, కొత్త బుషింగ్‌లా?

గేర్ లివర్ వదులుగా ఊగుతోందని షార్ట్ త్రో షిఫ్టర్ (లివర్ కదిలే దూరాన్ని తగ్గించే భాగం) కొనేవాళ్లు చాలామంది. కానీ వదులు వేరు, లివర్ కదిలే దూరం వేరు. ముందు ఏది ఇబ్బందో తేల్చుకోండి.

షార్ట్ త్రో షిఫ్టర్‌లో పివట్‌కు, అంటే లివర్ తిరిగే బిందువుకు, పైభాగం, కిందిభాగం నిష్పత్తి మారుతుంది. చెయ్యి కదిలే దూరం తగ్గుతుంది, బలం మాత్రం ఎక్కువ కావాలి. దూరం 40 శాతం తగ్గితే, లెక్క ప్రకారం బలం దాదాపు 1.67 రెట్లు! చలి ఉదయాల్లో గేర్ ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. గేర్ పడేముందు లోపలి భాగాల వేగాలు కలిపేది సింక్రోనైజర్; దానికి పట్టే సమయమూ తగ్గదు. తొందరపడి నెడితే అరిగేది అదే.

బుషింగ్‌లు, అంటే లివర్ కీళ్ల దగ్గర ఉండే చిన్న తొడుగులు, మారిస్తే దూరం తగ్గదు, వదులు పోతుంది.

ఖర్చు: బుషింగ్‌లకే తక్కువ.
శ్రమ: షిఫ్టర్‌కు కన్సోల్ (లివర్ చుట్టూ సీట్ల మధ్య ఉండే భాగం) విప్పాలి. కొన్ని రియర్ వీల్ డ్రైవ్ కార్లలో ఎగ్జాస్ట్ కూడా దించాలి.
శబ్దం: గట్టి రబ్బరు లాంటి పాలీయురెథేన్ బుషింగ్‌లు కాస్త, లోహపు బుషింగ్‌లు ఇంకా ఎక్కువగా వణుకును లోపలికి తెస్తాయి.

పాత కారు, రోజూ ట్రాఫిక్ అయితే బుషింగ్‌లే నా సలహా. గేర్‌బాక్స్ ఆరోగ్యంగా ఉండి, ట్రాక్ మీద నడిపేవారికి షార్ట్ త్రో నిజంగా ఆనందమే. మాజ్దా ఎమ్‌ఎక్స్-5 లాంటి కారులో లివర్ నేరుగా గేర్‌బాక్స్ మీదే ఉంటుంది, దూరం ముందే తక్కువ. అక్కడ షిఫ్టర్ జోలికి వెళ్లనక్కర్లేదు.