తడిసిన చీరల బొంత: పదకొండు చలికాలాల తర్వాత

ఈ బొంత చూసి బాగుందని ఎవరన్నా నేను ముందు దారం సంగతే ఎత్తుతాను. చీరలెన్ని, పొరలెన్ని, అంచు ఎలా మడిచాను అన్నవి ఆ తర్వాతే. పాత చీరల బొంత ఎలా ఉంటుందో మన ఇళ్లలో తెలియనివాళ్లు లేరు, కాబట్టి అవి చెప్పి విసిగించను. దాన్ని ఏ దారంతో కుట్టాలో మాత్రం నాకు ఆరో చలికాలానికి గానీ తెలియలేదు. తెలిసేసరికి మా అమ్మ చీరలు రెండు చినిగిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే ఇంత రాస్తున్నాను.

ఈ చీరలన్నీ హుద్‌హుద్‌ తుపానులో తడిసినవి. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖ పెదవాల్తేరులో మా అమ్మ వాళ్లింట్లో కిటికీ అద్దాలు పగిలిపోయి, వాన గదిలోకి అడ్డంగా కొట్టింది. మంచం కింద ట్రంకు పెట్టె ఉంది. కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, వీధిలో చెట్లు పడి ఉన్నాయి. పెట్టె తెరిచే తీరిక ఐదో రోజుకి గానీ దొరకలేదు. తెరిస్తే ముక్కిపోయిన వాసన. మెరూన్ చీర రంగు దిగి కింద ఉన్న గంధం రంగు చీరంతా మరకలు కట్టింది. "కట్టుకోడానికి పనికిరావు, పారేద్దామంటే చెయ్యి రావట్లేదే" అంది అమ్మ. నేనప్పుడు మన్యంలోని చింతపల్లిలో టీచరుని. ఐదు నేత చీరలూ, నాన్నగారి పొందూరు పంచె ఒకటీ ఉతికి మూట కట్టి, నర్సీపట్నం బస్సెక్కాను.

చింతపల్లి చలి విశాఖలో కూర్చుని చెబితే ఎవరికీ అందదు. ఆ పక్కనే ఉన్న లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలల్లో మూడు నాలుగు డిగ్రీలని పేపర్లో చదువుకున్న రోజులున్నాయి. (అప్పుడు అదీ విశాఖ జిల్లానే. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది.) సిటీ నుంచి మంచు చూడ్డానికి తెల్లవారుజామునే కార్లలో వచ్చేవాళ్లు. మాకు మాత్రం అవి ఉతికిన బట్ట ఆరని రోజులు, తొమ్మిదిన్నర దాకా ఎండపొడ తగలని రోజులు. ఎదురింటివాళ్లు కాఫీ పళ్లు ఆరబోసి, మధ్యాహ్నం కాస్త ఎండ రాగానే కాళ్లతో కెలుకుతుంటే, ఆ ఎండ చూసుకుని మేమూ గుమ్మంలోకి వచ్చేవాళ్లం. సాయంత్రం నాలుగున్నర దాటితే తలుపులేసుకోవడమే.

ఆ సాయంత్రాలు గడవాలని మొదలుపెట్టాను బొంత. మా ఆయన విశాఖలో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం వెళ్లిపోయేవారు. ఇంట్లో నేను, మా అత్తగారు, ఎనిమిదో క్లాసు చదువుతున్న అమ్మాయి. నేల మీద చాప పరిచి, దాని మీద చీరలు పొరలు పొరలుగా వేశాం. ఒక మూల పొత్రం, ఒక మూల నీళ్ల బిందె, మిగతా రెండు మూలల మీద అమ్మాయి పుస్తకాల కట్టలు. ముడతలన్నీ అంచుకి పోవాలంటే మధ్యలోంచి మొదలుపెట్టాలని అత్తగారు చెప్పారు. నిలువు 7 అడుగులు, అడ్డం 5 అడుగులు, లెక్క చూస్తే దాదాపు పది పొరలు. అంగుళం ఎడంతో 60 వరసలు. ఒక్కో వరస 7 అడుగులంటే మొత్తం 420 అడుగుల కుట్టు. ఒక వరసకి ముప్పావు గంట పట్టేది.

ఆ పనిలో నేననుకోని సుఖం ఒకటుంది. బొంత కుడుతున్నంతసేపూ కుట్టిన సగం మన ఒళ్లోనే ఉంటుంది. ఇరవయ్యో వరస దాటాక నా మోకాళ్లకి చలి తెలియలేదు. ఎదురుగా అమ్మాయి కూడా అటు అంచు కిందికి కాళ్లు దూర్చి లెక్కలు చేసుకునేది. చలంతా సూది పట్టుకున్న వేళ్లకే. పది కుట్లు వేయగానే బొటనవేలు, చూపుడువేలు కొయ్యబారిపోయేవి, సూది ఉందో జారిపోయిందో కూడా తెలిసేది కాదు. పక్కన టీ గ్లాసు పెట్టుకుని, దాన్ని వేళ్లతో చుట్టి పట్టుకుని, మళ్లీ పది కుట్లు. అలా కరెంటు ఉన్న రోజు రెండు వరసలు, లేని రోజు కొవ్వొత్తి దగ్గర ఒకటి. సంక్రాంతి సెలవులకి విశాఖ దిగేసరికి మూడొంతులయింది. జనవరి ఆఖరుకి పూర్తయింది.

ఇక దారం. విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్లో, తెగని దారం ఇవ్వండి అని అడిగి మరీ పాలిస్టర్ దారం కొన్నాను. మెరుస్తూ ఉండేది. రెండు చేతులా లాగితే వేలు కోసుకుపోవాలే తప్ప తెగేది కాదు. అత్తగారు ఇంట్లో ఉన్న నూలు దారం ఇస్తానంటే, "అది ఏడాదికే పోతుందత్తయ్యా, ఇది నా మనవల దాకా ఉంటుంది" అని నేనే వద్దన్నాను. పైగా ప్రతి కుట్టూ బిగించి లాగాను. గట్టిగా ఉంటేనే మంచిదనుకున్నాను.

మొదటి ఐదు చలికాలాలూ ఈ బొంతని పొగడని రోజు లేదు. అన్నిటికన్నా నచ్చింది దాని బరువు. మూడు కిలోలకి కొంచెం తక్కువ. కొన్న రగ్గు నిద్రలో జారి కింద పడుతుంది, పక్కకి తిరిగితే భుజం దగ్గర సందు ఏర్పడి అందులోంచి చలి దూరుతుంది. బొంత అలా కాదు, ఒంటి వంపు ఎలా ఉంటే అలా ఒదిగి అక్కడే ఉండిపోతుంది. పొరకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం. పత్తి నింపిన రజాయిలా ఒక మూలకి ఉండకట్టదు. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ ఇదే చెప్పేదాన్ని. నా మాట విని ఇద్దరు టీచర్లు బొంతలు కుట్టుకున్నారు కూడా.

అయితే అప్పుడు చెప్పని మాట ఒకటుంది, ఇప్పుడు చెప్పాలి. చింతపల్లిలో జనవరి మొదటి పదిహేను రోజులు ఈ బొంత ఒక్కటే చాల్లేదు. పైన ఉన్ని కంబళి వేశాం. నూలు కదా, మంచుకి చెమ్మ పీల్చుకుంటుంది. మధ్యాహ్నం గంటసేపైనా ఎండలో వేయకపోతే రాత్రి కప్పుకోగానే మొదటి పది నిమిషాలు తడిగుడ్డ మీద వేసినట్టే ఉంటుంది. ఆ తర్వాత వెచ్చబడుతుంది, అది వేరే సంగతి. మబ్బు పట్టిన రోజు మాత్రం మేం పడ్డ అవస్థ నేను స్టాఫ్‌రూమ్‌లో చెప్పలేదు.

2018లో ట్రాన్స్‌ఫరై విశాఖ వచ్చేశాం. ఇప్పుడు ఆరిలోవలో ఉంటున్నాం. 2020 జనవరిలో, భోగికి రెండు రోజుల ముందు, అర్ధరాత్రి మా అత్తగారు పిలిచారు. "అమ్మాయ్, నా కాలు ఎందులోనో ఇరుక్కుంది." లైటు వేసి చూస్తే ఆవిడ పాదం బొంతలోకి దిగిపోయి ఉంది. పై పొర జానెడు పొడుగున చీలింది. పాత చీర కదా, ఎక్కడో తగులుకుని చినిగిందనుకున్నాను. తెల్లవారాక డాబా మీదికి తీసుకెళ్లి, ఎండకి అడ్డంగా పట్టుకుని చూస్తే గుండె జారిపోయింది. చీలిక కుట్టు వరస వెంబడే సూటిగా వెళ్లింది, పోస్టు స్టాంపు చింపితే అంచు ఎలా ఉంటుందో అలా. దాని పక్క వరస ఇంకా చినగలేదు, కానీ కుట్టు దిగిన ప్రతి చోటా సూది బెజ్జం సాగి బియ్యపు గింజంత అయింది. వెలుగు అందులోంచి చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. గంధం రంగు చీర మీద పదకొండు వరసలు అలాగే ఉన్నాయి. దారం మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే మెరుస్తోంది, ఒక్క కుట్టూ తెగలేదు.

నాకు అర్థం కాలేదు. ఉతకడంలో తేడా వచ్చిందా, ఉప్పుగాలా, లేక తుపానులో తడిసినప్పుడే బట్ట పాడైందా అని నాలుగు రోజులు మథనపడ్డాను. మా వీధిలోకి చలికాలంలో బొంతలు కుట్టే ఒక మామ్మ వస్తుంటుంది. ఆవిడని కూర్చోబెట్టి చూపించాను. ఆవిడ బొంత పరిచి చూడనే లేదు. ఒక మూల ఎత్తి, బొటనవేలి గోరుతో కుట్టు వెంబడి ఒకసారి గీసింది.

"ఏటమ్మా, ఇది నైలాను దారమేటి?"

పాలిస్టర్ అన్నాను.

"ఏదైతే ఏటి. గుడ్డ ముసిల్దయిపోనాది, దారం పడుసుది. నిద్దట్లో నువ్వు కాలు ఇటు లాగినా, అటు లాగినా అది గుడ్డని కోసుకుంటా పోద్ది. నూలుదారం ఎయ్యాల. తెగితే దారం తెగాల గానీ గుడ్డ తెగకూడదు."

అంతే. తెగని దారం కావాలని అడిగి కొనుక్కున్నది నేనే. కొట్టువాడిది తప్పేం లేదు. కుట్లు బిగించి లాగడం వల్ల ఆ కోత ఇంకా ఎక్కువైందట. బొంత కుట్టు కొంచెం వదులుగా ఉండాలని, పొరలు ఒకదాని మీద ఒకటి కాస్త కదలాలని చెప్పింది ఆవిడ. "నేను కుట్టేస్తాను, ఇయ్యమ్మా" అంది గానీ, నా చేత్తో చేసిన పొరపాటు నేనే దిద్దుకోవాలనిపించి ఇవ్వలేదు. టీ, అట్లు పెట్టి పంపాను. ఆవిడ కూలి పోగొట్టానేమోనని తర్వాత అనిపించి, మరుసటి ఏడాది మా ఆయన లుంగీలు ఇచ్చి చిన్న బొంత ఒకటి కుట్టించుకున్నాను.

దిద్దడానికి రెండు చలికాలాలు పట్టింది. పాత దారం లాగితే బట్ట ఇంకా చినుగుతుంది, అందుకని బ్లేడుతో నాలుగు కుట్లకొకటి కోసి, వెనక నుంచి ముక్కలు ముక్కలుగా తీశాను. గంధం చీర మీద, చీలిన మెరూన్ చీర మీద అమ్మాయి స్కూలు యూనిఫాం చున్నీ ముక్కలు అతుకులేశాను. తర్వాత నూలు దారం రెండు పోగులు కలిపి, కొవ్వొత్తి మీద రుద్ది, పాత బెజ్జాలు వదిలేసి వాటికి అర అంగుళం పక్కన కొత్త వరసలు వేశాను. అతుకుల బొంత అని ఏదైనా నాసిరకం పనిని తిట్టినప్పుడల్లా నాకు ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది. ఆ అతుకు సరిగ్గా పడడానికి ఎంత ఓపిక కావాలో చేతులతో చేశాక తెలిసింది.

అప్పట్నుంచి ఇప్పటిదాకా ఐదు చలికాలాలు. నూలు దారం తెగుతోంది. ఏడాదికి పది పన్నెండు చోట్ల పుటుక్కుమంటుంది. తెగినచోట చిటికెన వేలు పట్టేంత వదులు వస్తుంది, పది నిమిషాల్లో కుట్టేస్తాను. బట్ట మీద కొత్త బెజ్జం ఒక్కటి సాగలేదు. ఇంకో తేడా ఒంటికే తెలుస్తుంది. పాలిస్టర్ వరసలు చెంపకి గీసుకున్నట్టు ఉండేవి. ఇప్పుడు వరసకీ వరసకీ మధ్య బట్ట మెత్తగా ఉబ్బి ఉంటుంది, అరచేత్తో నిమిరితే సన్నని అలల మీద రాసినట్టుంటుంది. మా అత్తగారు చివరి మూడేళ్లూ వేరే ఏదీ కప్పుకోలేదు.

మీరు కుట్టుకోవాలా వద్దా అంటే, అది మీ ఇంటిని బట్టి ఉంటుంది. విశాఖలో బొంత కావలసిన చలి ఎన్నాళ్లు? మా ఆరిలోవ కొండ కింద ఉంది కాబట్టి డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాటిన పది రోజుల దాకా కప్పుకుంటాం. బీచి పక్కనున్న పెదవాల్తేరులో మా అమ్మ ఆ నెలరోజులు కూడా దుప్పటితో సరిపెట్టేస్తుంది. అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఉద్యోగమైతే బొంతతోబాటు ఉన్ని కంబళి కూడా పట్టుకెళ్లండి, మధ్యాహ్నం ఎండ పడే వసారా ఉన్న ఇల్లు చూసుకోండి. ఉతకడం కూడా తేలిక కాదు. తడిస్తే ఇద్దరు పట్టుకుని లేపాలి, డాబా పిట్టగోడ లేకపోతే ఆరేసే చోటు ఉండదు. వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు. నాకు డాబా ఉంది, సాయం పట్టే మనిషి ఉన్నారు. అపార్టుమెంటులో ఒంటరిగా ఉండేవాళ్లకి ఐదు చీరల బొంత నేను చెప్పను.

అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. ఏసీ గదిలో కప్పుకోడానికి ఒకటి కుట్టివ్వమంది. మూడు చీరలు చాలనుకుంటున్నాను. నా కళ్లు మునుపటిలా లేవు, వరసల మధ్య ఎడం అంగుళంన్నర చేస్తే 40 వరసలతో అయిపోతుంది. నూలు దారం ఉండలు నాలుగు తెచ్చి, ఒక్కోటీ రెండు చేతులా లాగి చూశాను. తెగాయి. బీరువాలో పెట్టాను.