కాపీరైట్ తీరిన పుస్తకాలకు కాలిబర్: ఏళ్ల వాడకం తర్వాత

ఈబుక్‌లు వందల్లో ఉన్నంతకాలం ఏ ఫోల్డరైనా గ్రంథాలయంలాగే పనిచేస్తుంది. వేలల్లోకి వెళ్లాక ఒకే నవల నాలుగు ప్రతులుగా, నాలుగు రకాల పేర్లతో తేలుతుంది. ఏది ఎక్కణ్నుంచి దించిందో, ఏది దిద్దిన ప్రతో తెలియదు. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన ఈబుక్ నిర్వహణ ప్రోగ్రాం కాలిబర్ ఈ చిక్కుకు ఉచితంగా దొరికే మందుల్లో మేలైనది. అయితే జాబితా, వెతుకులాట, ఫార్మాట్ మార్పిడి వరకే దాని బాధ్యత. ఏ ప్రతి ఉంచాలో, దానికి హక్కులు నిజంగా తీరాయో లేదో అది చెప్పదు. ఆ సమాచారానికి మొదటి రోజే చోటు కల్పించకపోతే తర్వాత పుస్తకం పుస్తకం తెరిచి చూసుకోవాల్సిందే.

కాలిబర్ మీ పాత ఫోల్డర్లను ఉన్నచోటే వాడుకోదు. ప్రతి పుస్తకాన్నీ తన లైబ్రరీలోకి కాపీ చేసుకుంటుంది. రచయిత పేరుతో ఒక ఫోల్డరు, లోపల పుస్తకం పేరుతో మరొకటి, అందులో పుస్తకం, కవర్ బొమ్మ, వివరాలుండే ఓపీఎఫ్ ఫైలు. వీటన్నిటి లెక్క మెటాడేటా.డీబీ అనే ఒకే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో ఉంటుంది. లోపలి ఫోల్డర్ల పేర్లు చేత్తో మార్చారంటే డేటాబేస్‌కి ఆ సంగతి తెలియదు, పుస్తకం కనబడటం లేదంటుంది. ‘చెక్ లైబ్రరీ’ ఇలాంటి తేడాలను పట్టిస్తుంది. లైబ్రరీని క్లౌడ్ సింక్ ఫోల్డర్లో పెట్టి రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరవడం అన్నిటికంటే ప్రమాదం, డేటాబేస్ పాడవుతుంది. అప్పుడు ‘రీస్టోర్ డేటాబేస్’ ఓపీఎఫ్ ఫైళ్ల నుంచి లెక్కంతా తిరిగి కడుతుంది.

జాబితాలో మనం చేర్చుకునే సొంత కాలమ్‌లు దీని అసలు బలం. హక్కులు తీరిన పుస్తకాలకు ఐదు తప్పనిసరి అని నా లెక్క: ప్రతి దొరికిన మూలం, రచయిత మరణించిన ఏడాది, అనువాదకుడి పేరు, అనువాదకుడు మరణించిన ఏడాది, తొలి ముద్రణ ఏడాది. చివరిదానికి కాలిబర్‌లో ఉన్న ‘పబ్లిష్డ్’ తేదీ సరిపోదు. హక్కులు తీరిన పుస్తకాలను ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటు ఈపబ్‌లో (ఈబుక్ ఫైలు రకం) ఆ తేదీ ఈబుక్ విడుదలైన రోజే గాని పుస్తకం అచ్చైన రోజు కాదు. 1813 నాటి నవల 1998లో వచ్చినట్టు కనబడుతుంటే కాలక్రమంలో పేర్చి ఏం లాభం?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది అనువాదాల దగ్గర. మూల రచయిత 1925లో పోయి, అనువాదకుడు 1970లో పోతే మూలం స్వేచ్ఛగా ఉన్నా అనువాదం ఉండదు. రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు లెక్కించే భారత చట్టం ప్రకారం ఆ అనువాదం 2031 జనవరి 1న గానీ బయటపడదు. 70 ఏళ్ల దేశాల్లో 2041. అమెరికాలో పాత ముద్రణలకు అచ్చైన ఏడాది నుంచి 95 ఏళ్ల లెక్క. 1929లో అచ్చైనవి 2025 జనవరి 1న విడుదలయ్యాయి. గుటెన్‌బర్గ్ చూసేది అమెరికా చట్టం ఒక్కటే కాబట్టి, అక్కడ ఉందంటే మీ దేశంలో కూడా తీరిందని కాదు. మరణించిన ఏడాదికి 61 కలిపి చూపే కాలమ్‌ను ‘ఇతర కాలమ్‌ల నుంచి తయారయ్యేది’ రకంలో ఒకసారి రాసుకుంటే చాలు, ప్రతి పుస్తకానికీ అదే లెక్కేస్తుంది. రచయిత పోయాక తొలిసారి అచ్చైన రచనలకు మాత్రం ఈ సూత్రాన్ని నమ్మకండి, వాటికి చట్టంలో వేరే లెక్క ఉంది. సంపాదకుల కొత్త పీఠికలు, వివరణలు కూడా విడిగా చూడాలి.

దించుకునే చోట్లన్నీ ఒకే మేలిమివి కావు. గుటెన్‌బర్గ్ పాఠాలు మనుషులు దిద్దినవి. వాటినే మళ్లీ చక్కగా కూర్చి, తమ పనిని కూడా సీసీ జీరో (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద వదిలేసే స్టాండర్డ్ ఈబుక్స్‌లో ఉన్న పుస్తకమైతే అదే ముందు తీసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ పీడీఎఫ్‌లు అమూల్యం గాని, యంత్రం తయారుచేసిన ఈపబ్‌లు చదవలేం. కాలిబర్‌లో ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే పని) లేదు. స్కాన్ పీడీఎఫ్‌లో పాఠపు పొర ఉంటే మార్చగలదు, అప్పుడు కూడా పేజీ తలకట్లు వాక్యాల మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి. పంక్తులు విరిగిపోతుంటే పీడీఎఫ్ ఇన్‌పుట్‌లో లైన్ అన్‌ర్యాపింగ్ (విరిగిన పంక్తులను కలిపే సెట్టింగు) విలువ 0.45ను కాస్త తగ్గించి చూడండి. తెలుగు ఓసీఆర్‌లో ‘మ’ను ‘వు’గా, ‘ప’ను ‘వ’గా చదివిన చోట్లు ఏ సెట్టింగూ దిద్దదు. అలాంటప్పుడు మార్చడం మానేసి స్కాన్‌నే ఉంచుకోవడం నయం.

పేర్ల విషయంలో కాలిబర్‌ది పడమటి బుర్ర. పేరులో చివరి మాటే ఇంటిపేరనుకుని దాన్ని ముందుకు తెచ్చి వరుస పెడుతుంది. ఇంటిపేరు ముందే ఉండే మన పేర్లు దాంతో తలకిందులవుతాయి. ప్రిఫరెన్సెస్‌లో ట్వీక్స్‌కి వెళ్లి ‘ఆథర్ సార్ట్ కాపీ మెథడ్’ విలువను ‘కామా’ నుంచి ‘కాపీ’కి మార్చండి. ప్రోగ్రాం మూసి తెరిచాక, ‘మేనేజ్ ఆథర్స్’లో మొత్తం మళ్లీ లెక్కించమనండి. రెండోది చేయకపోతే పాత పుస్తకాలు పాత వరుసలోనే ఉంటాయి. పాశ్చాత్య పేర్లు ఎక్కువున్న లైబ్రరీని వేరుగా ఉంచుకోవడమే సుఖం.

పుస్తక వివరాలను నెట్ నుంచి తెచ్చే ‘డౌన్‌లోడ్ మెటాడేటా’ను గుంపుగా వాడటం నాకు ఏమాత్రం నచ్చదు. అది ఎక్కువగా ఇటీవలి పునర్ముద్రణల ఐఎస్‌బీఎన్, పరిచయం, కవర్ తెస్తుంది. ఆ కవరూ, అట్టమీది మాటలూ కొత్త ప్రచురణకర్తవి. హక్కులు తీరిన పాఠానికి హక్కులు తీరని చొక్కా తొడిగినట్టు. గుటెన్‌బర్గ్ సంఖ్యను ఐడెంటిఫయర్‌గా చేత్తో రాసుకుంటే చాలు, నకళ్లు పట్టేందుకూ అదే పనికొస్తుంది.

నకళ్ల దగ్గర ‘ఆటో మెర్జ్’ను ఆపి ఉంచండి. పేరు, రచయిత ఒకటైతే ఒకే పుస్తకమనుకుంటుంది. పాతదాని మీద రాసేలా పెట్టి ఉంటే రెండు వేర్వేరు అనువాదాల్లో ఒకటి గల్లంతవుతుంది. ‘ఫైండ్ డూప్లికేట్స్’ ప్లగిన్ చూపించిన జంటలను కంటితో చూసి కలపడం ఆలస్యమైనా భద్రం.

కాలిబర్‌లో దిద్దిన వివరాలు వెంటనే ఈపబ్ లోపలికి వెళ్లవు. ఎగుమతి చేసినప్పుడు, లేదా ‘ఎంబెడ్ మెటాడేటా’ నొక్కినప్పుడే వెళ్తాయి. ఫైళ్లను నేరుగా ఫోల్డర్లోంచి తీసి ఇతరులకిస్తే పాత వివరాలే వాళ్లకు చేరతాయి.

2022లో 6వ వెర్షన్‌తో వచ్చిన పూర్తిపాఠ అన్వేషణ చదవడానికే కాదు, దిద్దడానికి కూడా పనికొస్తుంది. ఓసీఆర్ తప్పుడు మాట ఒకటి దొరికితే అది ఇంకా ఏ పుస్తకాల్లో ఉందో చూసుకోవచ్చు. సూచిక తయారీకి మొదటిసారి చాలాసేపు పడుతుంది, రాత్రిపూట వదిలేయండి. ఆ సూచిక లైబ్రరీలోనే వేరే ఫైలుగా పెరుగుతుంది. బ్యాకప్‌లో దాన్ని వదిలేసినా నష్టం లేదు, మళ్లీ తయారవుతుంది.