ఎర్ర అగ్రోనా, నీలం-తెలుపు కంట్రోలా: మొదటి టోర్నమెంటుకు ఏ డెక్ మేలు?

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటను కొన్నాళ్లు స్నేహితుల మధ్య ఆడి, ఇక టోర్నమెంటులో పేరు ఇద్దామనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న డెక్ (ఆడేందుకు కట్టుకునే కార్డుల కట్ట) ఎంపిక. చకచకా దెబ్బతీసి నాలుగైదు టర్నుల్లో ఆట ముగించే అగ్రో డెక్ కట్టుకోవాలా, లేక ఎదుటివారి ఎత్తులను ఒక్కొక్కటిగా అడ్డుకుంటూ ఆటను సాగదీసి చివర్లో గెలిచే కంట్రోల్ డెక్ కట్టుకోవాలా? మధ్యేమార్గమైన మిడ్‌రేంజ్ డెక్‌లు, రెండు మూడు కార్డుల కలయికతో ఒక్కసారిగా గెలిచే కాంబో డెక్‌లు కూడా ఉన్నాయి కానీ, ఈ రెండు కొసలూ అర్థమైతే అవి వాటంతట అవే అర్థమవుతాయి. అందుకని ఇక్కడ మాడర్న్ ఫార్మాట్‌లో (ఏయే కార్డులు వాడవచ్చో చెప్పే ఆట విధానాల్లో ఒకటి) చెల్లే కార్డులతో కట్టిన ఎర్ర డెక్‌ను, నీలం-తెలుపు డెక్‌ను మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ఈ రెండు దారులూ ఆటతో పాటే పెరిగాయి. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1993లో వెలువడగా, ఆ తర్వాత కొద్ది కాలానికే బ్రయాన్ వైస్‌మన్ కంట్రోల్ పద్ధతికి పునాది వేసిన డెక్‌ను కట్టారు. అందులో గెలుపు తెచ్చే క్రీచర్లుగా (దాడి చేయడానికి, దాడిని అడ్డుకోవడానికి దించే ప్రాణులుగా) ఉన్నవి రెండే రెండు సెర్రా ఏంజెల్ కార్డులు; మిగిలినదంతా ఎదుటివారిని కదలనివ్వకుండా చేసే సరంజామా. 1996లో అట్లాంటాలో జరిగిన ఒక అర్హత పోటీలో పాల్ స్లై ఆడిన ఎర్ర డెక్ దీనికి పూర్తిగా భిన్నమైనది. జే ష్నైడర్ ఆలోచనల నుంచి పుట్టిన ఆ డెక్‌లో ఐరన్‌క్లా ఆర్క్స్ వంటి కార్డులు ఉండేవి. పవర్ (కొట్టే దెబ్బ బలం) 2 గానీ అంతకు మించి గానీ ఉన్న క్రీచర్‌ను అడ్డుకోలేని ఆ కార్డును చూసి చాలామంది పెదవి విరిచారు. అయితే ఏ టర్నులోనూ మానా (కార్డులు వేయడానికి ఖర్చయ్యే శక్తి) వృథా పోకుండా, ఒక మానా కార్డులు ఎన్ని, రెండు మానా కార్డులు ఎన్ని అని లెక్కగట్టి పేర్చడమే ఆ డెక్ బలం. మానా కర్వ్ అని ఈనాడు అందరూ అనే మాటకు ప్రాణం పోసింది ఆ లెక్కే.

ఎర్ర డెక్ లెక్కను కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే దాని అందమంతా అందులోనే ఉంది. ఆటగాడి లైఫ్ 20తో మొదలవుతుంది. ఒక మానాకు లైట్నింగ్ బోల్ట్ 3 డ్యామేజ్ చేస్తుంది, లావా స్పైక్ కూడా అంతే. అంటే ఇటువంటివి ఏడు పడితే 21, ఆట అయిపోయినట్లే. 60 కార్డుల డెక్‌లో మానా ఇచ్చే ల్యాండ్లు 20 పెట్టుకున్నామనుకుందాం. మొదట ఆడేవారు మొదటి టర్నులో కార్డు తీయరు కనుక నాలుగో టర్నుకు చూసే కార్డులు 10. వాటిలో మూడో వంతు ల్యాండ్లు పోగా సగటున మిగిలేవి ఆరు, ఏడు దెబ్బలు. ఒక్కొక్కటి 3 చొప్పున వేసుకుంటే ఇంచుమించు 20! పైగా మొదటి టర్నులోనే దిగి, దిగిన క్షణమే అటాక్ చేసే గోబ్లిన్ గైడ్ వంటి క్రీచర్, ఎవరూ అడ్డుకోకపోతే మూడు టర్నుల్లో 6 డ్యామేజ్ చేస్తుంది, అంటే రెండు బోల్ట్‌ల పని. అందుకే ఒక మానా క్రీచర్లు ఎన్ని ఉండాలన్నది ఈ డెక్‌లో ప్రాణప్రదమైన విషయం. అవి 8 ఉంటే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి పడే అవకాశం 65 శాతం. 12 ఉంటే 81 శాతం.

ఎదుటివారు తమకు తెలియకుండానే ఈ డెక్‌కు చేసే సాయం కూడా ఉంది. రెండు మూడు రంగులు ఆడేవారు ఫ్లడెడ్ స్ట్రాండ్ వంటి ల్యాండ్‌కు 1 లైఫ్ చెల్లించి, దానితో హాలోడ్ ఫౌంటెన్ అనే మరో ల్యాండ్‌ను తెచ్చుకుని, అది వెంటనే పనికి రావడానికి మరో 2 లైఫ్ చెల్లిస్తారు. తమ మానా కోసం తామే 3 లైఫ్ వదులుకున్నారంటే, మనం చేతిలో లేని బోల్ట్ ఒకటి వేసినట్లే. ఇంకా దెబ్బ తగలకముందే 20 కాస్తా 17 అవుతుంది, ఏడు దెబ్బల పని ఆరింటితో తీరుతుంది.

ఇక నీలం-తెలుపు కంట్రోల్. ఇందులో 26 ల్యాండ్లు, రెండు మానాకు దాదాపు ఏ స్పెల్‌నైనా (ఎదుటివారు వేస్తున్న ల్యాండ్ కాని కార్డునైనా) ఆపే కౌంటర్‌స్పెల్, నాలుగు మానాకు బోర్డు మీదున్న క్రీచర్లన్నిటినీ తుడిచిపెట్టే రాత్ ఆఫ్ గాడ్, ఆట చేతికి వచ్చాక టర్ను టర్నుకూ అదనపు కార్డు ఇచ్చే ‘టెఫెరీ, హీరో ఆఫ్ డొమినేరియా’ అనే కార్డు ఉంటాయనుకుందాం. 26 ల్యాండ్లు ఎక్కువనిపించవచ్చు కానీ, రెండోవారిగా ఆడేవారు నాలుగో టర్నుకు చూసే 11 కార్డుల్లో నాలుగు ల్యాండ్లు ఉండే అవకాశం 26తో 80 శాతం, 22తో 64 శాతం. రాత్ వేయాల్సిన టర్నులో నాలుగో ల్యాండ్ లేక చేతులు కట్టుకుని కూర్చోవలసి రావడం ఈ డెక్‌కు చావుదెబ్బ. ఇక బలమంటారా, ఒక్క రాత్‌తో మూడు క్రీచర్లు పోతే ఒక కార్డుకు మూడు కార్డులు రాబట్టుకున్నట్లు. ఇలాంటి మారకం రెండుసార్లు జరిగితే ఎర్ర డెక్ చెయ్యి ఖాళీ అయి, ఆ టర్నుకు తీసిన ఒక్క కార్డు మీదే బతకాల్సి వస్తుంది.

ఈ రెండు డెక్‌లు ఎదురుపడినప్పుడు ఆట ఎక్కడ తేలుతుందో నా అనుభవంలోని ఒక టర్నుతో చెబుతాను. ఎర్ర డెక్ నాది, నేను రెండోవాడిగా ఆడుతున్నాను, అది నా మూడో టర్ను. ఎదుటివారి లైఫ్ 14, వారి వైపు ఒక్క క్రీచర్ కూడా లేదు. నా బోర్డు మీద ఒక గోబ్లిన్ గైడ్, ఒక మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్. చేతిలో మరో రెండు గైడ్‌లు, ఒక బోల్ట్. గైడ్ పవర్ 2, స్విఫ్ట్‌స్పియర్ పవర్ 1. చేతిలోని గైడ్‌లు రెండూ దించి నాలుగింటితోనూ అటాక్ చేశాను. బోల్ట్‌ను చివరి దెబ్బకని దాచుకున్నాను. 7 డ్యామేజ్ తగిలి లైఫ్ 7కు దిగింది. మరుసటి టర్నులో వారు మానా కోసం నాలుగు ల్యాండ్లూ పక్కకు తిప్పి రాత్ వేశారు. నా నాలుగు క్రీచర్లూ పోయాయి, చేతిలో బోల్ట్ ఒక్కటే మిగిలింది, ఆట పోయింది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకుంటే అసలు సంగతి బోధపడింది. క్రీచర్ కాని స్పెల్ వేసినప్పుడల్లా స్విఫ్ట్‌స్పియర్ పవర్ ఆ టర్నుకు ఒకటి పెరుగుతుంది. గైడ్‌లు చేతిలోనే ఉంచుకుని, ఉన్న రెండింటితో అటాక్ చేస్తూ బోల్ట్ వేసి ఉంటే గైడ్ 2, స్విఫ్ట్‌స్పియర్ 2, బోల్ట్ 3, మొత్తం అదే 7. లైఫ్ 14 నుంచి అదే 7కు దిగేది. అప్పుడు రాత్ పడితే పోయేవి రెండే. మరుసటి టర్నులో రెండు గైడ్‌లు దిగి వెంటనే 4 కొట్టేవి. రాత్ పడకపోతే నాలుగు క్రీచర్లూ కలిసి సరిగ్గా 7 కొట్టి ఆట ముగించేవి. అగ్రో ఆడటానికి ఆలోచన అక్కర్లేదని ఎవరైనా అంటే నాకు ఈ టర్నే గుర్తుకొస్తుంది.

అయినా మొదటి టోర్నమెంటుకు వెళ్లేవారికి నేను ఎర్ర డెక్‌నే చెబుతాను. చాలామంది చెప్పేటట్లు అది సులువని గానీ, బేసిక్ మౌంటెన్ల మీద నడుస్తుంది కనుక ఖర్చు తక్కువని గానీ కాదు, ఖర్చు సంగతి నిజమే అయినా. కంట్రోల్ డెక్ నిండా ఉండేవి జవాబులు, జవాబు ప్రశ్నకు సరిపోవాలి. క్రీచర్లే లేని డెక్ ఎదురైతే చేతిలోని రాత్ వట్టి అట్టముక్క. కౌంటర్‌స్పెల్ ఎంత గొప్పదైనా అప్పటికే బోర్డు మీదకు వచ్చేసిన కార్డును ఏమీ చేయలేదు. హాలులో ఎవరు ఏ డెక్ పట్టుకొచ్చారో తెలియని కొత్తవారికి ఏ జవాబు ఎన్ని కాపీలు పెట్టుకోవాలో తెలిసే వీలే లేదు. బోల్ట్‌కు ఆ బాధ లేదు. ఎదుట ఏ డెక్ ఉన్నా అది 3 డ్యామేజే. తప్పు ప్రశ్న అంటూ ఉండదు, తప్పు జవాబు మాత్రం ఉంటుంది.

గడియారం కూడా ఎర్ర డెక్ పక్షమే. మూడింట రెండు గెలవాల్సిన రౌండుకు 50 నిమిషాలు ఇవ్వడం ఆనవాయితీ. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. కంట్రోల్‌లో చేయి తిరగనివారు ప్రతి స్పెల్‌కూ ఆపాలా వద్దా అని తటపటాయిస్తూ, గెలవాల్సిన మ్యాచ్‌ను డ్రాగా ముగించుకుని రెండు పాయింట్లు పోగొట్టుకుంటారు.

ఎర్ర డెక్ లోపాన్ని దాచను. రమ్మీలో ముక్కలు బాగా పడకపోతే మొదట్లోనే డ్రాప్ అయి 20 పాయింట్లతో బయటపడతాం. ఇక్కడ మల్లిగన్ చేస్తే (నచ్చని మొదటి ఏడు కార్డులను తిరిగి డెక్‌లో కలిపేస్తే), 2019 నుంచి ఉన్న నియమం ప్రకారం, మళ్లీ ఏడు కార్డులు తీసుకుని అందులో ఒకటి డెక్ అడుగున పెట్టాలి. ప్రతి కార్డూ 3 డ్యామేజ్‌కు సమానమైన డెక్‌లో ఒక కార్డు తగ్గడమంటే ఏడింట ఒక వంతు గెలుపు చేజారడమే. కంట్రోల్ ఆ లోటును టెఫెరీ వంటి కార్డులతో నెమ్మదిగా పూడ్చుకోగలదు. ఎర్ర డెక్‌కు అటువంటి వెసులుబాటు ఉండదు.

మరి కంట్రోల్ ఎవరికి? వారం వారం ఒకే చోట, ఇంచుమించు అవే మొహాలతో ఆడేవారికి. అక్కడ ఎవరి డెక్ ఏదో తెలిసి ఉంటుంది కనుక, క్రీచర్ డెక్‌లు ఎక్కువైతే రాత్‌లు పెంచి, స్పెల్ డెక్‌లు ఎక్కువైతే కౌంటర్లు పెంచి, చొక్కాను ఒంటికి కుట్టించుకున్నట్లు డెక్‌ను ఆ గదికి సరిపడా కట్టుకోవచ్చు. అటువంటి చోట ఎర్ర డెక్ ముందుగా దెబ్బతింటుంది కూడా, ఎందుకంటే దాన్ని ఆపడానికి కావలసిన కార్డులు అందరి సైడ్‌బోర్డుల్లోనూ (ఆటకూ ఆటకూ మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచే కార్డుల్లో) ముందే సిద్ధంగా ఉంటాయి.

ఆ 15 కార్డుల సైడ్‌బోర్డు దగ్గరే కొత్తవారు ఎక్కువగా పొరపడతారు. మొదటి ఆట అయ్యాక మిగిలిన ఒకటి రెండు ఆటలూ మార్చిన డెక్‌తోనే ఆడతాం కనుక, మ్యాచ్‌లో కనీసం సగం అక్కడే జరుగుతుంది. నీలం-తెలుపు వారు ఎర్ర డెక్ మీదకు కోర్ ఫైర్‌వాకర్‌ను తెస్తారు. ఎర్ర కార్డులు మామూలుగా దానికి హాని చేయలేవు, పైగా ఎవరు ఎర్ర స్పెల్ వేసినా ఫైర్‌వాకర్‌ను దించినవారికి 1 లైఫ్ వస్తుంది. టైమ్లీ రీయిన్‌ఫోర్స్‌మెంట్స్ ఒక్క కార్డుతో, వేసినవారి లైఫ్ ఎదుటివారికన్నా తక్కువగా ఉంటే 6 లైఫ్, క్రీచర్లు తక్కువగా ఉంటే ముగ్గురు సైనికులను ఇస్తుంది; ఆ 6 అంటే రెండు బోల్ట్‌లు నీళ్లపాలైనట్లే. దానికి ఎర్ర డెక్ దగ్గర ఉన్న విరుగుడు స్కల్‌క్రాక్, రెండు మానాకు 3 డ్యామేజ్ చేస్తూ ఆ టర్నులో ఎవరికీ లైఫ్ పెరగకుండా ఆపుతుంది. ఎర్ర డెక్ కట్టుకుంటే స్కల్‌క్రాక్‌లు నాలుగూ పెట్టుకోండి. ఎదుటివారి దగ్గర ల్యాండ్లు మూడు అయిన దగ్గర నుంచి, వారి టర్నులో రెండు మౌంటెన్లు తిప్పకుండా ఉంచుకుని, వారు టైమ్లీ రీయిన్‌ఫోర్స్‌మెంట్స్ వేసే క్షణం కోసం కాచుకోండి.