బ్రిటిష్ సిటిజన్‌షిప్ ఆన్‌లైన్ ఫారం: ప్రయాణాల లెక్క దగ్గర తొందరపడొద్దు

బ్రిటిష్ పౌరసత్వానికి అప్లై చేసే బ్రిటన్ హోం ఆఫీస్ వారి ఫారం ఏఎన్ ఆన్‌లైన్‌లో నింపడానికి మొత్తమ్మీద బాగానే ఉంటుంది. చిరునామాలు, ఉద్యోగం వివరాలు చకచకా అయిపోతాయి. ఎక్కువమంది తడబడేది విదేశీ ప్రయాణాల దగ్గరే. దీనికి తోడుగా ఉచితంగా దొరికే గైడ్ ఏఎన్ చదవడానికి బరువుగా ఉంటుంది, అయినా నివాసం గురించిన భాగం వదలకండి.

గడిచిన ఐదేళ్లలో దేశం బయట 450 రోజులు, చివరి 12 నెలల్లో 90 రోజులు మించకూడదు. బ్రిటిష్ పౌరుల భర్త లేదా భార్య అయితే మూడేళ్లు, 270 రోజులు. ఆ 90 మాత్రం వాళ్లకీ అంతే. ఐఎల్‌ఆర్‌కి (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతికి) ఏడాదికి 180 రోజుల నియమం చూసుకుని ఇక్కడా అదే అనుకునేవాళ్లు చాలామంది. ఏటా 170 రోజులు బయట ఉన్నా ఐఎల్‌ఆర్ లెక్క సరిపోతుంది, కానీ ఐదేళ్లకు అది 850 అవుతుంది!

లెక్కలోకి వచ్చేది పూర్తి రోజులే. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు పట్టవు. శుక్రవారం పారిస్ వెళ్లి ఆదివారం వస్తే పోయేది ఒక్క శనివారమే. దసరాకి 2024 సెప్టెంబర్ 27 సాయంత్రం హీత్రూలో ఎక్కి, అక్టోబర్ 20న మళ్లీ అక్కడే దిగారనుకోండి: 22 రోజులు. శంషాబాద్‌లో పడే స్టాంపు మాత్రం 28 అని ఉంటుంది. పాస్‌పోర్టు చూసి ఆ తేదీనే బ్రిటన్ వదిలిన తేదీగా వేసేస్తే తప్పు. టికెట్ల ఈమెయిళ్లు వెతికి, స్టాంపులతో పోల్చి, ముందు ఎక్సెల్‌లో రాసుకోండి. దుబాయ్‌లోనో దోహాలోనో ఆగిన సమయం కూడా బయట ఉన్నట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మొదటి రోజు నియమం, అంటే ఆ ఐదేళ్ల లెక్క మొదలయ్యే రోజు గురించినది. 2026 జూన్ 10న అప్లికేషన్ అందితే, 2021 జూన్ 11న మీరు బ్రిటన్‌లోనే ఉండి ఉండాలి. ఆ వారం పెళ్లికో పండక్కో ఊరెళ్లి ఉంటే, తిరిగొచ్చిన తేదీకి ఐదేళ్లు నిండేదాకా ఆగండి. పదిహేను వందల పౌండ్లకు పైగా కట్టే ఫీజు, తిరస్కరిస్తే వెనక్కి రాదు. ప్రమాణ కార్యక్రమం కోసం కట్టిన భాగం మాత్రమే ఇస్తారు.

కొద్దిగా మించినవాళ్లు కంగారు పడక్కర్లేదు: మిగతావన్నీ సరిగ్గా ఉంటే ఐదేళ్లలో 480 రోజుల వరకు, చివరి ఏడాదిలో 100 వరకు మామూలుగా చూసీచూడనట్టు వదిలేస్తారు. ఆపైన కారణాలు, రుజువులు గట్టిగా కావాలి. అలాంటి కేసుకైతే సొలిసిటర్ ఫీజు దండగ కాదు. 450 లోపు ఉండి, ఐఎల్‌ఆర్ వచ్చి 12 నెలలు నిండితే ఈ ఫారం సొంతంగానే నింపుకోవచ్చు. బ్రిటిష్ పౌరుల భార్యాభర్తలకి ఆ 12 నెలల నిరీక్షణ కూడా లేదు.